ఒంటరిగా మొదటిసారి ఊరు దాటాలంటే: గాబరా ఎక్కువున్న ఆడవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, కర్నూలు, అనంతపురం వైపు ఉంటూ, ఒక్కసారైనా ఎవరి తోడూ లేకుండా ఎక్కడికైనా పోయి రావాలని ఉండి, తీరా బయల్దేరేవేళకు కాళ్ళు ఆడనివాళ్ళ కోసం రాసిన పేజీ ఇది. ఇందులో చాలా జవాబులు ఒకే పని చెప్తాయి: మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని అన్నీ తేల్చుకుని కాయితం మీద రాసిపెట్టుకోండి. దారిలో కొత్తగా తేల్చుకోవాల్సింది ఎంత తక్కువుంటే గాబరాకు అంత తక్కువ పని.

గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం. ఇన్ని ఉన్నదాన్ని ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?

చాలామంది వెళ్ళొచ్చు. గాబరా పూర్తిగా తగ్గాక పోదాంలే అని ఆగితే ఆ రోజు రావడం కష్టం. వెళ్ళకుండా తప్పించుకున్న ప్రతిసారీ, అది నిజంగానే ప్రమాదమన్న పాఠం మెదడుకు ఇంకాస్త గట్టిపడుతుంది.

కొందరు మాత్రం కొన్నాళ్ళు ఆగాలి. మందు కొత్తగా మొదలుపెట్టి లేదా మోతాదు మార్చి రెండు మూడు వారాలు కానివాళ్ళు, ఎప్పుడైనా నిజంగా స్పృహ తప్పి పడిపోయి దానికి కారణం తేలనివాళ్ళు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవాళ్ళు ముందు డాక్టరును కలవాలి. ఇంకో మాట. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నా అచ్చం ఇలాగే దడ, ఆయాసం వస్తాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు ఎన్నడూ చేయించుకోకపోతే ప్రయాణానికి ముందే చేయించుకోండి.

డాక్టరు దగ్గరికి పోవడానికే మొహమాటమైతే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మొదటిసారి ఎక్కడికి పోవాలి?

అందమైన చోటు కోసం వెతక్కండి, తిరుగు బస్సు సులువుగా దొరికే చోటు చూడండి. మా లెక్క ఇది: రెండు గంటల్లోపు దారి, మధ్యలో బండి మారే పని లేకపోవడం, తిరుగు బస్సు గంటకొకటైనా ఉండటం, నీడన కూర్చునే చోటు, మరుగుదొడ్డి. ఈ ఐదూ కుదిరితే ఆ ఊరు పేరు ఏదైనా ఫరవాలేదు.

కడపవాళ్ళకు ఒంటిమిట్ట బాగా సరిపోతుంది. రాజంపేట దారిలో 26 కిలోమీటర్లు, గంటలోపే. తిరుపతి, రాజంపేట వైపు పోయే బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కోదండరామాలయం ఆవరణ విశాలం, గోపురం దాటి లోపలికి పోయాక ఏ మూలనైనా అరగంట కూర్చోవచ్చు. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా పౌర్ణమి రాత్రి కల్యాణానికి మాత్రం వద్దు. ఆ జనంలో గాబరా లేనివాళ్ళకే ఊపిరాడదు.

అనంతపురంవాళ్ళు తాడిపత్రి చూడండి. బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణస్వామి ఆలయం రెండూ ఊళ్ళోనే ఉన్నాయి, పగటిపూట పోయి రావచ్చు. లేపాక్షి రెండోసారికి ఉంచుకోండి. హిందూపురంలో బస్సు మారి ఇంకో 15 కిలోమీటర్లు పోవాలి, ఆ మారడమే మొదటిసారి వాళ్ళను తడబెడుతుంది.

కర్నూలువాళ్ళకు సగం రోజులో తెమలాలంటే నంద్యాల దారిలో ఓర్వకల్లు రాతివనాలు ఉన్నాయి. రాత్రి బసతో కలిపి పోవాలంటే ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం. అక్కడికి ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు కొత్త కాదు, ఎవరూ వింతగా చూడరు, మఠంలో భోజనం దొరుకుతుంది. గురువారం, శ్రావణంలో ఆరాధన రోజులు వదిలేసి ఏ మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

మొదటిసారికి వద్దనేవి: ఎగువ అహోబిలం దాటి అడవి నడక, నల్లమల మీదుగా శ్రీశైలం. ఆ అడవి దారిలో రాత్రిపూట చెక్‌పోస్టుల దగ్గర బండ్లను ఆపేస్తారు. ఫలానా టైము దాటితే తిరిగి రాలేమన్న ఆలోచన చాలు, గాబరా రెట్టింపు కావడానికి.

ఏ నెలలో?

నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో మన సీమలో 40 డిగ్రీలు దాటుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే గుండె వేగం పెరుగుతుంది, తల తిరుగుతుంది. మీ మెదడు దాన్ని ప్యానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన గాబరా) అనే చదువుకుంటుంది, ఆ తర్వాత నిజంగానే ప్యానిక్ వస్తుంది.

నేరుగా వెళ్ళిపోవడమేనా, ముందు సాధన ఏమైనా చేయాలా?

సాధన లేకుండా పోయి మధ్యలో తిరిగొచ్చినవాళ్ళు మళ్ళీ ఆ పేరెత్తరు. ఆరు వారాలు పెట్టుకోండి. భయాన్ని సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి రాసుకోండి. కడపలో ఉన్నవాళ్ళకు మెట్లు ఇలా ఉండొచ్చు.

మొదటి వారం ఆర్టీసీ బస్టాండుకు పోయి, ఏ బస్సూ ఎక్కకుండా 30 నిమిషాలు కూర్చుని రావడం, వారంలో మూడుసార్లు. రెండో వారం ఆటోలో ఒక్కరే దేవుని కడప గుడికి. మూడో వారం ఒక్కరే హోటల్లో కూర్చుని కారం దోశ తినడం. నవ్వొస్తుంది గానీ చాలామందికి బస్సు కంటే ఇదే కష్టం, ఆ మెట్టు ఎగ్గొట్టకండి. నాలుగో వారం ఒంటిమిట్ట బస్సెక్కి, దిగి, టీ తాగి, వెంటనే వచ్చే బస్సులో వెనక్కి. ఐదో వారం అదే ఊరికి పోయి రెండు మూడు గంటలు ఉండటం. ఆరో వారం ప్రొద్దుటూరు: పెద్ద బస్టాండు, రద్దీ బజారు, మధ్యాహ్నం భోజనం.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, భయం మంచి ఎత్తులో ఉన్నప్పుడు లేచి వచ్చేయడం. ఎనిమిది మార్కులున్నప్పుడు వచ్చేస్తే, తప్పించుకోబట్టే బతికానని మెదడు నేర్చుకుంటుంది. కనీసం నాలుగైదుకు దిగేదాకా అక్కడే ఉండి రండి. దిగడానికి కొందరికి 20 నిమిషాలు పడుతుంది, కొందరికి 45. ఒక మెట్టు రెండు మూడుసార్లు సులువుగా జరిగాకే పై మెట్టు. సున్నా అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఇంట్లో ఒప్పుకోవట్లేదు. "తమ్ముణ్ణి తీసుకుపో" అంటున్నారు.

వాదన పెట్టుకోకండి, కాయితం చూపించండి. ఏ బస్సు, ఎన్నింటికి, ఎక్కడ దిగుతారు, తిరుగు బస్సు ఏది, రాత్రి ఉంటే లాడ్జి పేరూ ఫోను నెంబరూ, అన్నీ ఒక్క పేజీలో. అమ్మానాన్నల భయంలో సగం ఏమీ తెలియకపోవడం వల్లే.

దాంతోపాటు ఒక ఒప్పందం చేసుకోండి. మూడు మెసేజీలు పంపుతారు: బస్సెక్కాక, దిగాక, తిరుగు బస్సెక్కాక. చెప్పిన వేళకు మెసేజీ రాకపోతే వాళ్ళు 45 నిమిషాలు ఆగి ఫోను చేయాలి. అప్పటికీ ఎత్తకపోతే ఇంకో పావుగంటకు మళ్ళీ. ఇవి కాక మధ్యలో ఫోన్లు వద్దు. ఇది మొరటుగా అనిపించినా అవసరం. "ఎట్లుండావు, బాగున్నావా" అని పది నిమిషాలకోసారి అడిగితే, బాగున్నానో లేదో చూసుకోవడమే మీ పనైపోతుంది. మీరే అమ్మకు పదేపదే చేసినా ఫలితం అంతే. అమ్మ గొంతు వింటేనే నెమ్మదిస్తానన్న అలవాటు ముదురుతుంది.

వాట్సాప్‌లో లైవ్ లొకేషను ఎనిమిది గంటల పాటు కనిపించేలా పెట్టి వదిలేయండి. అది బ్యాటరీ తాగుతుంది, పవర్‌బ్యాంకు తప్పనిసరి.

బస్సా, రైలా?

మొదటిసారికి బస్సు. కావాలంటే దిగొచ్చన్న ధీమా ఉంటుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూపించాలి, దానిమీద ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉండాలి. చదువుకో ఉద్యోగానికో బెంగళూరు, హైదరాబాదు పోయి ఆధార్ చిరునామా మార్చుకున్నవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. కర్నూలు నుంచి అలంపురం ఎంత దగ్గరైనా అది తెలంగాణ, అక్కడికి ఉచితం చెల్లదు. డబ్బులివ్వకపోయినా సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి.

ఉచితం అయ్యాక ఈ బస్సుల్లో రద్దీ పెరిగింది. నిలబడి, నలుగురి మధ్య నలుగుతూ పోవడం మీకు పడదనుకుంటే బడి, కాలేజీ, ఆఫీసు వేళలు వదిలేసి పొద్దున ఆరున్నర లోపు బస్సు చూసుకోండి. బస్సు మొదలయ్యే చోటే ఎక్కండి, దారిలో ఎక్కితే సీటు దొరకదు. దూరం ఎక్కువైతే డబ్బు పెట్టి సూపర్ లగ్జరీలో సీటు రిజర్వు చేసుకోవడం నయం, కానీ అది చిన్న ఊళ్ళలో ఆగదు. ముందు వైపు, కిటికీ పక్క సీటు తీసుకోండి. వెనక చక్రాల మీది సీట్లలో కుదుపుకు కడుపు తిప్పుతుంది.

రైల్లో స్లీపరు అయితే టికెట్టు తీసేటప్పుడు కోటా దగ్గర "లేడీస్" ఎంచుకోండి. దూరపు ఎక్స్‌ప్రెస్‌లలో ఒంటరిగా పోయే ఆడవాళ్ళకు వయసుతో పని లేకుండా కొన్ని బెర్తులు విడిగా ఉంటాయి. 45 ఏళ్ళు దాటినవాళ్ళకు కింది బెర్తు కోటా కూడా ఉంది. రైల్లో ఇబ్బంది వస్తే 139.

బస్సు కదిలాక ప్యానిక్ వస్తే ఏం చేయాలి?

ముందు దాని ఆకారం తెలుసుకోండి. ప్యానిక్ సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది, ఆపైన దిగడం మొదలుపెడుతుంది. అరగంటలో చాలావరకు తగ్గుతుంది, మిగిలేది అలసట. స్పృహ తప్పుతానేమో అనిపిస్తుంది గానీ, ప్యానిక్‌లో రక్తపోటు పెరుగుతుంది కాబట్టి అలా పడిపోవడం అరుదు.

చేతిలో పర్సులో పెట్టుకోవాల్సిన చీటీ ఇది. ఆ క్షణంలో ఏదీ గుర్తు రాదు కాబట్టి నిజంగా రాసి పెట్టుకోండి.

గడియారం చూసి టైము రాసుకో. కిటికీ తెరువు. పాదాలు రెండూ నేలకు ఆన్చు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చు, నోటితో ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులు, పదిసార్లు. తర్వాత దారిలో కనిపించే బోర్డులు చదువు, ఊరి పేరు, కిలోమీటర్లు. పది నిమిషాలు గడిచేదాకా దిగే మాట ఆలోచించకు.

గాలి బాగా పీల్చుకోమని పక్కవాళ్ళు సలహా ఇస్తారు. అది వినొద్దు. ప్యానిక్‌లో ఇప్పటికే గాలి ఎక్కువ పీలుస్తున్నారు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, పెదాలు జిల్లుమంటున్నాయి. వదిలే గాలి పొడవుగా ఉండటమే కీలకం. ప్లాస్టిక్ కవరులో ఊపిరి తీయడం ప్రమాదం, చేయకండి.

కండక్టరుకు చెప్పాలనుకుంటే "అన్నా, కళ్ళు తిరుగుతున్నాయి, ముందు సీటు కావాల" అంటే చాలు. జబ్బు పేరు వివరించక్కర్లేదు.

ఇది గుండెపోటు కాదని ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, 15 నిమిషాలు దాటినా తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా, అందులోనూ షుగరో బీపీయో ఉన్నా 40 దాటినా, గాబరా అనుకుని కూర్చోకండి, 108కి ఫోను చేయండి. జీవితంలో మొదటిసారి వచ్చిన దాడి అయితే వయసు ఎంతైనా ఒకసారి ఈసీజీ తీయించుకోవడం మంచిది. ఒకసారి తీసి బాగుందన్నాక, ప్రతి దాడికీ తీయించుకోవడం మాత్రం గాబరాకు మేత వేయడమే.

మందులు ఎలా పెట్టుకోవాలి?

ఉన్న రోజులకు మూడు రోజులవి ఎక్కువ, పెద్ద బ్యాగులో కాదు, భుజాన ఉండే సంచిలో. విడి గోలీలుగా డబ్బాలో పోయకండి, స్ట్రిప్‌తోనే, డాక్టరు చీటీతోనే ఉంచండి. క్లోనజిపామ్, ఆల్‌ప్రాజొలామ్ లాంటి గాబరా తగ్గించే మత్తు గోలీలు చీటీ లేకుండా మందుల షాపులో ఇవ్వకూడదు, కాబట్టి పోగొట్టుకుంటే ఊరుగాని ఊళ్ళో దొరకవు. చీటీ ఫొటో ఫోన్లోనూ ఉంచుకోండి.

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి గాబరాకు వేసుకునే రోజువారీ మందు ప్రయాణం హడావుడిలో మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం వస్తుంది. దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోతారు. ఫోన్లో అలారం పెట్టుకోండి.

అవసరానికని డాక్టరు ఇచ్చిన గోలీ ఏదైనా సరే, మొదటిసారి ప్రయాణం రోజున వేసుకోవద్దు. ఇంట్లో ఒక ఆదివారం వేసుకుని ఎంత మత్తొస్తుందో చూడండి. బస్సు వాంతులకు వేసుకునే అవోమిన్ కూడా మత్తే. రెండూ కలిస్తే దిగాల్సిన ఊరు దాటి నిద్రలేస్తారు. దడ తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు పడదు, పక్కింటి అక్క ఇచ్చిందని వేసుకోకండి.

దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయమే నాకు అన్నిటికంటే పెద్దది.

ఇది అడగడానికి సిగ్గుపడతారు గానీ, ప్రయాణాలు మానేయడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. గాబరాలో పేగులు వేగంగా కదులుతాయి, మూత్రం తొందరగా వస్తున్నట్టుంటుంది. నీళ్ళు తాగడం మానేస్తే పరిష్కారమనుకుంటారు. అప్పుడు తలనొప్పి, దడ, మూత్రంలో మంట, ఇంకో బాధ.

బయల్దేరే రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఉప్మానో. ఉగ్గాని పెట్టుకోవచ్చు గానీ మిరపకాయ బజ్జీ తిరిగొచ్చాక తినండి. కాఫీ ఆ రోజు వద్దు, దడను పెంచుతుంది. బస్సెక్కే పావుగంట ముందు ఒకసారి వెళ్ళి రండి. ఆ తర్వాత గంటకు ఒక గ్లాసు లెక్కన గుక్క గుక్కగా నీళ్ళు. బస్టాండు మరుగుదొడ్డికి ఐదు, పది రూపాయల చిల్లర, టిష్యూ, చిన్న సబ్బు కాయితాల పొట్లం పెట్టుకోండి. నెలసరి తేదీకి అటూ ఇటూ ఐదు రోజులు మొదటి ప్రయాణం పెట్టుకోకపోతే మేలు, చాలామందికి ఆ రోజుల్లో గాబరా ఎక్కువ.

సంచిలో ఇంకేం ఉండాలి?

లీటరు నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, బొరుగులో వేరుశనగ ఉండలో, ఆధార్ అసలు కార్డు, 500 రూపాయలు చిల్లరగా, వేరే జేబులో ఇంకో 500. పుల్లటి చప్పరింపు బిళ్ళలు నాలుగు: గాబరా మొదలవగానే నోట్లో వేసుకుంటే ధ్యాస నాలుక మీదికి మళ్ళుతుంది. సంచి ఐదు కిలోలు దాటకూడదు. మోస్తే వచ్చే ఆయాసం కూడా గాబరాలాగే ఉంటుంది.

గండికోట, బెలుం గుహలు చూడాలని ఉంది. నాకు ఎత్తులన్నా ఇరుకన్నా భయం.

గండికోటకు జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, బస్సులు తక్కువ. దిగగానే తిరుగు బస్సు వేళ కనుక్కోండి, లేదా జమ్మలమడుగులో రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. పెన్న లోయ అంచున బండల మీద చాలాచోట్ల అడ్డు కట్టు లేదు. మొదట జుమా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూసి, లోయను పది అడుగుల వెనక కూర్చుని చూడండి. అంచుకు పోయి ఫొటో దిగకపోతే ధైర్యం లేనట్టేమీ కాదు.

బెలుం వేరే సంగతి. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది అందులో సగం దాకా. మొదట్లో మందిరాల్లాంటి విశాలమైన చోట్లుంటాయి, పోనుపోను కొన్ని దారులు వంగి నడిచేంత ఇరుకు. లోపల ఉక్క, చెమట ధారగా కారుతుంది, ఫోను సిగ్నలు ఉండదు. ఆ ఉక్కకు ఊపిరి బరువెక్కడం అందరికీ జరిగేదే, అది మీ గాబరా కాదని లోపలికి దిగేముందే చెప్పుకోండి. పెద్ద మందిరాల దాకా పోయి వెనక్కి రావచ్చు, పాతాళగంగ దాకా పోయే పని లేదు. సెలవు రోజుల్లో వెనకనుంచి జనం తోస్తుంటారు, మామూలు రోజు పొద్దున్నే పొండి. ఇంట్లో వాళ్ళకు "గంటన్నర ఫోను పలకదు" అని ముందే మెసేజీ పెట్టండి.

లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి రూము ఇస్తారా?

చట్టంలో అడ్డేమీ లేదు, కానీ చిన్న ఊళ్ళలో కొందరు ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. సాయంత్రం ఏడింటికి కౌంటరు ముందు ఆ మాట వినడం కంటే రెండు రోజుల ముందే ఫోన్లో వినడం మేలు. "ఒక్కదాన్నే వస్తున్నా, ఆధార్ ఉంది, ఒక రాత్రికి రూము కావాల. ఇస్తారా?" అని సూటిగా అడగండి. ఇస్తామన్న మనిషి పేరు రాసుకోండి. గండికోట, మంత్రాలయం లాంటి చోట్ల పర్యాటక శాఖ హరిత హోటళ్ళున్నాయి, ముందే బుక్ చేసుకోవచ్చు.

రూములోకి పోగానే సంచి దించకముందే చూడాల్సినవి: లోపలి గడియ పడుతుందా, కిటికీ గొళ్ళెం, బాత్‌రూము వెంటిలేటరు, ఫ్యాను. నచ్చకపోతే అప్పుడే రూము మార్చమనండి. మొదటి అంతస్తు, మెట్ల దగ్గర కాకుండా మధ్యలో ఉండే రూము మంచిది. చీకటి పడకముందే చేరండి. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం ఎవరికైనా ఉన్నదే.

"ఒక్కదానివే వచ్చినావా తల్లీ? ఇంటాయన రాలేదా?" అంటే ఏం చెప్పాలి?

మన వైపు ఈ ప్రశ్న పక్క సీటు పెద్దమ్మ దగ్గర్నుంచి పూలమ్మే అవ్వ దాకా అందరూ అడుగుతారు, ఎక్కువసార్లు ప్రేమతోనే. "మొక్కు ఉండింది పెద్దమ్మా" అంటే మాట అక్కడితో ఆగుతుంది. మగవాళ్ళు ఆరా తీస్తే "మావాళ్ళు అక్కడ బస్టాండులో ఉండారు" అనండి. భద్రత కోసం చెప్పే అబద్ధానికి పాపం లేదు. ఏ లాడ్జి, ఎన్ని రోజులు అన్నవి ఎవరికీ చెప్పొద్దు. వెంటబడుతున్నట్టు అనిపిస్తే పెద్దామె ఎవరి పక్కనైనా కూర్చుని "అక్కా, కాసేపు నీ పక్కన కూర్చుంటా" అనండి. కాదనేవాళ్ళు అరుదు.

అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181. పోలీసుల శక్తి యాప్ ముందే దింపుకుని ఇంట్లోనే తెరిచి చూసుకోండి, అవసరమైనప్పుడు నేర్చుకోవడం కుదరదు.

సగం దారిలో తిరిగొచ్చేస్తే?

తిరిగిరావడానికి ముందే నియమం పెట్టుకోండి: జ్వరం, వాంతులు, ఎవరైనా వెంటబడటం, రూము సరిగా లేకపోవడం, వీటికి వెంటనే రావాలి. కేవలం గాబరాకైతే ఒక టీ, పది నిమిషాల ఊపిరి, ఇంకో అరగంట. అప్పటికీ ఎనిమిది మార్కుల్లోనే ఉంటే బస్సెక్కండి. ఎక్కడ దాకా పోయారో రాసుకోండి. వచ్చే వారం అక్కడిదాకే పోయి, ఇంకో పావుగంట ఎక్కువుండి రండి. రెండు నెలలు ఆగితే మళ్ళీ మొదటి మెట్టే.

వెళ్ళొచ్చాక రెండు రోజులు నీరసం, ఊరికే ఏడుపు. ఇదేంటి?

రోజంతా ఒళ్ళు బిగబట్టుకుని ఉన్నందుకు వచ్చే అలసట. మర్నాడు సెలవు పెట్టుకోండి, నీళ్ళు, నిద్ర, రోజూ తినే సంగటే తినండి. వారం దాటినా నిద్ర, ఆకలి కుదరకపోతే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక విభాగం ఓపీకి పొండి, కర్నూలు, కడప, అనంతపురం మూడుచోట్లా ఉంది. మీరు మార్కులు వేసుకున్న కాయితం వెంట తీసుకుపోండి, డాక్టరుకు పది ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది.